టచింగ్ లేని శుక్రవారం

ఆరు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. భవానీదేవి పెరటి అరుగు మీద కూర్చుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఫోను మీద చూపుడువేలితో ఒక్కొక్క అక్షరాన్నీ పొడుస్తోంది. ‘అంశం 214’ అని కొట్టింది. కింద ‘మచ్చ’ అని రాసింది. ఆ కింద నాలుగేళ్ళుగా రాస్తున్న నాలుగు నియమాలూ రాసింది. మనిషికి ఒక్క ఫోటో. ఈ వారంలో మీ చేత్తో మీరే తీసినది. ఫోటోతో పాటు రెండు ముక్కలు రాయాలి. టచింగ్ లేదు, అంటే తీసిన ఫోటోని దిద్దకూడదు.

అరవై రెండేళ్ళ మనిషి. సన్నగా, మెడ కాస్త ఎడమవైపుకి వంగి, వెనక నుంచి ఎవరో పిలిస్తే ఆగి వింటున్నట్టు ఉంటుంది. ఆ మెడ అలా వంగడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. కుడిచేతి మధ్యవేలికి పెన్సిలు ఆనేచోట కాయ కాసింది. దాని చుట్టూ నలుపు. సబ్బుకీ కుంకుడురసానికీ ఆఖరికి కిరసనాయిలుకీ కూడా లొంగని నలుపు. పెన్సిలు వదిలి ఇరవయ్యేళ్ళు దాటినా అది మాత్రం పోలేదు.

ఫేస్‌బుక్‌లో ‘కోనసీమ కెమెరా’ అని ఓ గ్రూపుంది. ముప్ఫై వేల మంది. అందులో ప్రతి శుక్రవారం పొద్దున్న ఆరింటికి భవానీదేవి ఒక మాట ఇస్తుంది. ‘తలుపు’ అంటుంది, ‘తడి’ అంటుంది, ఒకసారి ‘మిగిలినది’ అంది. వారమంతా జనం ఆ మాటకి తగ్గ ఫోటో తీసి ఆ పోస్టు కిందే పెడతారు. రాజోలులో కిరాణా కొట్టాయన, అంబాజీపేటలో కొబ్బరి వలిచే మనిషి, దుబాయిలో క్రేను నడిపే కుర్రాడు, అందరూ పెడతారు. పెట్టిన ప్రతి ఫోటో కిందా ఆవిడ ఒక మాట రాస్తుంది. నాలుగేళ్ళలో ఒక్క ఫోటోని కూడా పలకరించకుండా వదిలింది లేదు. బొమ్మ గుర్తులూ, సూపర్‌లూ ఉండవు. ‘మీ గేదె కన్ను బాగా పడింది. తోక కూడా రానిచ్చి ఉంటే దోమలెన్నో తెలిసేది’ అని రాస్తుంది. తిట్టినట్టే ఉంటుంది గానీ, ఆవిడ తిట్టని ఫోటో తీసినవాడికి ఆ వారం అన్నం సయించదు.

ఈ శుక్రవారం మాత్రం ఆ పోస్టు పెట్టొద్దని చెప్పారు. చెప్పినవాడు మధుబాబు. గ్రూపు అతనిదే. పెళ్ళిళ్ళకి డ్రోను ఎగరేసే ఫోటోగ్రాఫరు, అమలాపురంలో పెద్ద ఆఫీసుంది. బుధవారం ఫోన్ చేసి, ఓడలరేవు దారిలో కొత్తగా కట్టిన రిసార్టువాళ్ళు గ్రూపుకి స్పాన్సర్లుగా వచ్చారనీ, ఇక నుంచి శుక్రవారం అంశం వాళ్ళే ఇస్తారనీ, మొదటిది ‘అందాల కోనసీమ’ అనీ, గెలిచిన జంటకి రెండు రోజుల బస ఉచితమనీ చెప్పాడు. ఫోటోని ఎంత దిద్దుకున్నా అభ్యంతరం లేదట. కంప్యూటరు చేత గీయించుకున్నా ఫరవాలేదట. భవానీదేవి అంతా విని ఫోను పెట్టేసింది. ఆవిడ ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని అతను అనుకున్నాడు. ఆవిడతో ఏళ్ళ తరబడి పరిచయం ఉండి కూడా ఆ పొరపాటు చేశాడు.

ఆనవాయితీ ప్రకారం పోస్టు కింద మొదటి ఫోటో ఆవిడదే ఉండాలి. నిన్న సాయంత్రం కిటికీ వెలుతుర్లో తీసిన ఫోటో వెతికి పెట్టింది. చిన్న దూది ఉండ. ఎండి పసుపెక్కిన దూది. మధ్యన చిన్న నల్ల మచ్చ. దానికి రాయాల్సిన రెండు ముక్కల దగ్గర మాత్రం వేలు ఆగింది. కాఫీ చల్లారింది. చివరికి ‘నా చేతి పని’ అని రాసి, సరిగ్గా ఆరింటికి నొక్కేసింది.

*

దుకాణానికి ఆటోలో పావుగంట. అమలాపురం గడియార స్తంభం దాటాక రెండో సందులో, స్వీటు కొట్టుకీ టైలరు షాపుకీ మధ్య ఉంటుంది. బోర్డు మీద ‘త్రిమూర్తులు ఫోటో స్టూడియో’ అని పాత అక్షరాలు, వాటి కింద కొత్తగా ‘జెరాక్స్, లామినేషన్, పాస్‌పోర్టు ఫోటోలు, ఆల్బం డిజైనింగ్’. త్రిమూర్తులు ఆవిడ భర్త. పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు దుకాణం ఆడపడుచు కొడుకు పవన్ కుమార్‌ది. మంచివాడే. అత్తయ్యని వెళ్ళమనలేదు, కూర్చోబెట్టీ పెట్టలేదు. పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించడం, ఆధార్ కార్డులు లామినేట్ చెయ్యడం, వచ్చినవాళ్ళకి తల దువ్వుకోవడానికి దువ్వెన అందించడం ఆవిడ పని.

త్రిమూర్తులు ఫోటో తీస్తే ముఖం వెలిగిపోతుందని ఒకప్పుడు కాట్రేనికోన నుంచి కూడా జనం వచ్చేవారు. ఆ వెలుగు అసలు ఎవరిదో త్రిమూర్తులుకి తెలుసు, వెనక గదిలో కూర్చున్న భవానీదేవికి తెలుసు. పలివెల నుంచి పద్దెనిమిదేళ్ళకి కాపురానికొచ్చిన పిల్ల, ఏడాది తిరక్కుండానే టచింగ్ నేర్చింది. ఏటవాలు చెక్కబల్ల. మధ్యలో గాజుపలక, దాని కింద అద్దం. ఆ అద్దంలోంచి కిటికీ వెలుతురు పైకొచ్చి గాజు మీద పెట్టిన నెగటివ్‌ని వెలిగిస్తుంది. నెగటివ్‌లో అంతా తిరగబడి ఉంటుంది. జుట్టు తెల్లన, పళ్ళు నల్లన. ముఖం మీద మచ్చ ఉంటే అక్కడ గాజులా ఖాళీగా కనిపిస్తుంది. గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిలుతో ఆ ఖాళీని చుక్క మీద చుక్క పెట్టి నింపాలి. ప్రింటు వేసేసరికి మచ్చ ఉండదు.

అలా ఆవిడ ఎన్ని ముఖాలు దిద్దిందో లెక్క లేదు. అమ్మవారు పోసిన గుంటలు పూడ్చింది. కళ్ళ కింద ముడతలు చదును చేసింది. పెళ్ళిచూపులకి వెళ్ళే ఫోటోల్లో మొటిమలు మాయం చేసింది. బోర్డు మీద ఆవిడ పేరు లేదు, ఎవరూ రాయాలనుకోలేదు, అప్పట్లో ఆవిడా అనుకోలేదు.

ఆ ఉదయం బేరాలు పలచగా ఉన్నాయి. ఒక తల్లి ఇంటరు పిల్లని తీసుకొచ్చింది. పై పెదవి మీద పుట్టుమచ్చ. పవన్ ఫోటో తీసి కంప్యూటరు ముందు కూర్చోగానే, ఏమీ అడక్కుండానే అతని చెయ్యి మచ్చ చెరిపే బ్రష్షు మీదకి పోయింది.

“దాని జోలికెళ్ళకు పవన్,” అంది భవానీదేవి, కత్తెర ఆపకుండా. “పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తింపు మచ్చలని రాసేది దాన్నే.”

తల్లి సందేహంగా చూసింది. తియ్యకపోతే పెళ్ళికి పనికిరాదేమో ఈ ఫోటో అంది. పిల్ల మాత్రం అద్దంలో చూసుకుని, ఉండనివ్వండి అంది. భవానీదేవి ఆ పిల్లకి ఎనిమిది ఫోటోలకి బదులు పది కత్తిరించి ఇచ్చింది.

మధ్యమధ్య ఫోను తీసి చూస్తూనే ఉంది. మామూలుగా మొదటిరోజు ముప్ఫై ఫోటోలు దాటవు. పదకొండింటికే యాభై వచ్చాయి. మచ్చ అనేసరికి అందరి దగ్గరా ఒకటి ఉన్నట్టుంది. చక్కెరకేళీ మీద నల్లమచ్చ. తెల్లదూడ నుదుటి మీద ఎర్రమచ్చ. అద్దె ఇంటి గోడ మీద అంతకుముందున్నవాళ్ళ అలమారు విడిచిన మచ్చ. కొబ్బరి వలిచే మనిషి తన పంచె మీద పీచు మరకలు ఆరేసి తీశాడు. దుబాయి కుర్రాడు హెల్మెట్టు పట్టీ కట్టుకున్నచోట తెల్లగా మిగిలిన చెంప తీసి, ‘ఇది మా ఊరి రంగండి’ అని రాశాడు. భవానీదేవి దాన్ని పెద్దది చేసి చూసింది. తర్వాత, ‘కాపాడుకో నాయనా. వెలుతురు పక్కనుంచి వచ్చుంటే ఇంకా తెలిసేది’ అని రాసింది.

*

పన్నెండున్నరకి మధుబాబే వచ్చాడు. కారు సందులోకి రాదు, స్తంభం దగ్గర ఆపి నడిచొచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో కెమెరా లేదు. ఇప్పుడు కెమెరాలు అతని కింద పనిచేసేవాళ్ళే మోస్తారు. పవన్ లేచి కుర్చీ వేశాడు. అతని లేవడంలోనే భయం తెలుస్తోంది. ఈ దుకాణంలో దీపం వెలుగుతోందంటే మధుబాబు ఇచ్చే పెళ్ళి ఆల్బంల పని వల్లే, పాస్‌పోర్టు ఫోటోల వల్ల కాదు.

“అమ్మగారూ, నేను బుధవారం చెప్పేను కదండీ,” అన్నాడు.

“చెప్పేరు బాబూ. విన్నాను.”

“మరి?”

“విన్నానన్నాను. ఒప్పుకున్నానని అన్లేదు.”

మధుబాబు నవ్వడానికి ప్రయత్నించాడు. రిసార్టువాళ్ళు పొద్దున్నే ఫోన్ చేశారట. తమ పోస్టు ఉండాల్సిన చోట మచ్చలూ మరకలూ ఉన్నాయేమిటని అడిగారట. కోనసీమ అంటే జనం ఏం చూడాలనుకుంటారో తనకి తెలుసుననీ, కొబ్బరి తోటలు, కాలవలో పడవ, పట్టుచీర అమ్మాయి, అంతకుమించి అక్కర్లేదనీ చెప్పాడు. అతను చెడ్డవాడేం కాదు. త్రిమూర్తులు దగ్గర ఫిల్ము ఎక్కించడం నేర్చుకున్నవాడే. ఆ గ్రూపు కూడా లాక్‌డౌన్‌లో పెళ్ళిళ్ళు లేక చేతులు ఊరుకోక మొదలెట్టాడు. శుక్రవారం అంశాలు చూసుకోమని ఆవిణ్ణి అడిగిందీ అతనే.

“మొదటి శుక్రవారం మీరు పెట్టిన ఫోటో గుర్తుందా?” అంది భవానీదేవి.

ఆ ఫోటో అతని తండ్రి పాదాలు. మడమల నిండా పగుళ్ళు, పగుళ్ళ నిండా వరిచేను బురద. ఆ రోజు ఆ ఫోటో చూసి గ్రూపులో సగం మంది తమ ఇళ్ళల్లో పాదాలు వెతుక్కున్నారు. ఆ పాదాల మనిషి కిందటేడు పోయాడు.

“ఇప్పుడైతే వాటిక్కూడా క్రీము రాసి పెట్టేవారు కాబోలు,” అంది.

మధుబాబు ముఖం ఎర్రబడింది. లేచి నిలబడ్డాడు. సాయంత్రం ఆరింటిదాకా టైమిస్తాననీ, ఈలోపు ఆవిడే తీసేస్తే మర్యాదగా ఉంటుందనీ అన్నాడు. తీయకపోతే తను తీస్తాడు. తీశాక ఆవిడ గ్రూపులో ఉండదు. ఆ మాట ఆవిడతో చెప్పి, ఆల్బంల సంగతి మాత్రం పవన్ వైపు తిరిగి చెప్పాడు. “రావులపాలెంలో కొత్త లాబ్ పెట్టేరు పవన్. రేటు కూడా తక్కువే అంటున్నారు.”

“ఆయ్,” అన్నాడు పవన్.

అతను వెళ్ళాక పవన్ మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తర్వాత మెల్లిగా, ఒక్క వారమే కదా, తీసెయ్యొచ్చు కదా అన్నాడు. భవానీదేవి క్యారేజీ విప్పి, బీరకాయ పచ్చడి కలుపుకుంటూ, నువ్వు తిన్నావా అని అడిగింది. అతనికి జవాబు అదేనని అర్థమైంది.

*

మూడు దాటాక ఆ ఫోటో వచ్చింది.

ఒక ఆడమనిషి చెయ్యి. వేళ్ళ సందుల్లో ఉప్పుకి పగిలిన చర్మం. ఆ చెయ్యి ఒక పాత నలుపు తెలుపు ఫోటోని పట్టుకుంది. ఫోటోలో పాతికేళ్ళ మగవాడు, మెడలో పెళ్ళిదండ, కుడి కనుబొమ్మ మీంచి కణత దాకా ఒక గాటు. పెట్టినామె పేరు దుర్గాశ్రీ. కింద రెండు ముక్కలకి బదులు నాలుగు రాసింది.

‘మా నాన్న నూకరాజు. నేను పుట్టకముందే పోయేడు. పొద్దున్న మీరు పెట్టిన దూదిని మా అమ్మ గుర్తుపట్టిందండి. అప్పుడు మీ పక్కనే కూర్చుందంట.’

భవానీదేవి కత్తెర కింద పెట్టింది. వెనక గదిలోకి వెళ్ళి, టచింగ్ బల్ల ముందు స్టూలు మీద కూర్చుంది. ఆ బల్ల మీద ఇప్పుడు జెరాక్స్ కాగితం కట్టలున్నాయి. వాటిని పక్కకి జరిపింది.

తొంభై అయిదులో వచ్చారు ఆ జంట. కాట్రేనికోన దగ్గర సముద్రపు ఒడ్డు వాళ్ళు. పెళ్ళికొడుకు కనుబొమ్మ మీద గాటుంది, చిన్నప్పుడు పడవ కొయ్య తగిలిందట. తీసెయ్యమని వాళ్ళు అడగలేదు. భవానీదేవే, కొత్త పెళ్ళికొడుకు ముఖాన ఈ గాటేమిటని, మధ్యాహ్నమంతా కూర్చుని, అతి నేర్పుగా, గాటు ఉండేదన్న జాడ కూడా తెలియకుండా నింపేసింది. ఆ రోజు తన పని చూసుకుని మురిసిపోయింది కూడా. భూలక్ష్మి అనే ఆ పెళ్ళికూతురు ఫోటో చూసి సిగ్గుపడి, రాజులా ఉన్నాడంది.

మరుసటేడు కార్తీకంలో తుఫాను. పడవలు వెళ్ళినవి వెళ్ళినట్టే పోయాయి. నాలుగో రోజు శవాలు ఒడ్డుకి వస్తుంటే, ఏడు నెలల కడుపుతో భూలక్ష్మి ఆ ఫోటో పట్టుకుని వరసలో నిలబడింది. నీళ్ళలో నానిన ముఖాలు అన్నీ ఒకలాగే ఉన్నాయి. ఒక మనిషికి మాత్రం కనుబొమ్మ మీంచి కణత దాకా గాటుంది. మా ఆయనే అంది. రాసుకునే గుమాస్తా ఫోటో తీసుకుని చూశాడు, శవాన్ని చూశాడు. నీ మొగుడికి గాటు లేదు కదమ్మా అన్నాడు. ఉందని ఆమె ఏడ్చింది. ఫోటోలో లేదని అతను చూపించాడు. అప్పటికే అదే శవం మాదంటే మాదని ఇద్దరు గొడవపడుతున్నారు. అతన్నీ ఏమనగలం.

రోడ్డు మీద చెట్లు పడి ఉన్నాయి. భూలక్ష్మి నడిచీ, ఎవరి ట్రాక్టరో ఎక్కీ, ఒక రోజంతా పట్టి ఈ దుకాణానికి చేరింది. “మా ఆయన గాటు మాకిచ్చెయ్యండమ్మా,” అంది. అంతే అంది. తిట్టలేదు. భవానీదేవి నెగటివ్ వెతికి తీసింది. దూది మీద టర్పెంటైను పోసి, తను పెట్టిన చుక్కలన్నిటినీ తుడిచేసింది. మధ్యాహ్నమంతా పట్టిన పని ఒక్క తుడుపుకి పోయింది. గాటు తిరిగొచ్చింది. త్రిమూర్తులు ప్రింటు వేశాడు. ఆరీ ఆరని ప్రింటు కొంగులో పెట్టుకుని ఆమె వెనక్కి వెళ్ళేసరికి, ఎవరూ తేల్చుకోని శవాలన్నిటినీ ఇసకలో ఒకే గోతిలో పూడ్చేశారు.

ఆ సంగతి తర్వాత ఒక మనిషి వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆ రోజు నుంచి భవానీదేవి మచ్చ మీద పెన్సిలు పెట్టలేదు. బేరాలు పోతాయని భర్త అరిచాడు, బతిమాలాడు, పది రోజులు మాట్లాడ్డం మానేశాడు. వెలుతురు సరిచేస్తాను, నీడలు దిద్దుతాను, మనిషి ముఖాన ఉన్నది మాత్రం తియ్యను అంది. బేరాలు నిజంగానే పోయాయి. ఆ దూదిని మాత్రం పారెయ్యలేదు. ఖాళీ ఫిల్ము డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఈ బల్ల సొరుగులో ఉంచింది. భూలక్ష్మి దగ్గరికి వెళ్ళాలని ఎన్నోసార్లు అనుకుంది. వెళ్ళి ఏమనాలో తెలియక వెళ్ళలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు అలాగే గడిచిపోయాయి.

ఇప్పుడు ఫోను పట్టుకుని, ఆ ఫోటో కింద ఏం రాయాలా అని కూర్చుంది. నాలుగేళ్ళలో ఏ ఫోటోనీ పలకరించకుండా వదిలింది లేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసేసరికి ఆ ఫోటో అక్కడ లేదు.

పైకీ కిందకీ జరిపి వెతికింది. చక్కెరకేళీ ఉంది, దూడ ఉంది, దుబాయి చెంప ఉంది. నూకరాజు లేడు. మధుబాబు నుంచి మెసేజీ వచ్చింది. పోయినవాళ్ళ ఫోటోలూ, చావు కథలూ స్పాన్సర్లకి బాగోవండి, మిగతావి ఆరింటికి చూద్దాం అని.

ఫోను మోగింది. కొత్త నంబరు. ఎత్తగానే అవతలి గొంతు ఎవరిదో ఆవిడకి తెలిసిపోయింది. వయసు వచ్చింది గానీ ఆ నిదానం మారలేదు.

“అమ్మా, నేను భూలక్ష్మినండి. పాప ఫోటో పెట్టిందంట. ఇప్పుడు చూత్తే లేదంటందండి.” కాస్త ఆగింది. “మళ్ళీ తీసేసేరాండి?”

భవానీదేవి గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

“తీసేరమ్మా. ఈసారి నేను కాదు. ఈసారి తియ్యనివ్వను కూడాను.”

*

ఆ తర్వాత ఆవిడ చేసిన పనిలో తొందర లేదు. నలభై ఏళ్ళు పని చేసిన మనిషి పని చేసినట్టే చేసింది. దుర్గాశ్రీ చేత ఫోటో తిరిగి తెప్పించుకుంది. పోస్టు కింద ఉన్న ఫోటోలన్నిటినీ ఒక్కొక్కటిగా ఫోనులోకి దింపుకుంది. మొత్తం ఎనభై ఏడు. ప్రింటరు దగ్గర కూర్చుని, తన కోసం అట్టేపెట్టుకున్న మందపు కాగితం పెట్టె విప్పింది.

“అత్తయ్యా, ఏం చేస్తున్నావు?” అన్నాడు పవన్.

“అచ్చు వేస్తున్నాను.”

“అన్నీనా?”

“మనిషికి ఒక్కటే కదరా. ఎక్కువేం కావు.”

అతను అడ్డొస్తాడనుకుంది. రాలేదు. ప్రింటరులో సిరా అయిపోవస్తే, తనే లేచి కొత్తది మార్చి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ఆవిడ ఒక్కొక్క ఫోటో కిందా నల్ల స్కెచ్ పెన్నుతో పెట్టినవాళ్ళ పేరూ, వాళ్ళు రాసిన రెండు ముక్కలూ, వాటి కింద తన మాటా రాసింది. పొద్దున్నుంచి రాసినవి చూసి రాసింది, మిగిలినవాటికి అప్పటికప్పుడు రాసింది. దూడకి, ‘పేరేమిటో రాయలేదు. పేరు లేని దూడా?’ అని. వేళ్ళు తిమ్మిరెక్కితే విదిలించుకుంది.

అయిదున్నరకి షట్టరు కిందికి లాగించింది. సందులో ఇంకా ఎండ ఉంది. పడమటి వెలుతురు షట్టరు మీద సూటిగా పడుతోంది. స్టూలు వేసుకుని ఎక్కి, పై వరస నుంచి అంటించడం మొదలెట్టింది. స్వీటు కొట్టు మనిషి వచ్చి స్టూలు పట్టుకున్నాడు. టైలరు టేపు ముక్కలు కత్తిరించి అందించాడు. స్కూటరు మీద పోయేవాళ్ళు ఆగారు. ఒక ముసలాయన తన మనవడు తీసిన ఫోటో కనిపించి, కళ్ళజోడు కోసం ఇంటికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు.

సరిగ్గా ఆరింటికి ఫోను చూసింది. మధుబాబు మాట తప్పే మనిషి కాడు. పోస్టు లేదు. గ్రూపు పేరు వెతికితే గ్రూపే కనిపించలేదు. నాలుగేళ్ళు, రెండువందల పద్నాలుగు శుక్రవారాలు, ఏమీ లేనట్టే ఉంది తెర. ఫోను బొడ్లో దోపుకుని, మిగిలిన వరస అంటించింది.

ఆఖరున మధ్యలో, మనిషి కంటికి ఎదురుగా వచ్చేచోట, నూకరాజుని అంటించింది. పొద్దున్నుంచీ దానికి మాత్రం ఏమీ రాయలేదు. పెన్ను మూత తీసింది. జనం దగ్గరికి జరిగారు. అప్పుడు రాసింది. ‘ఈ గాటు ఇతనిదే. తీసింది నేను. భవానీదేవి, టచింగ్.’

ఈ దుకాణంలో ఆవిడ పేరు కనిపించడం అదే మొదటిసారి.

పవన్ బయటికొచ్చి షట్టరంతా చూశాడు. మధుబాబు దాకా ఈ వార్త పోవడానికి పది నిమిషాలు చాలు. అతని ముఖంలో భయం ఉంది గానీ, చింపెయ్యాలన్న ఆలోచన లేదు. అది చూసి భవానీదేవికి తృప్తి వేసింది. అతన్ని వెనక గుమ్మం దగ్గరికి పిలిచి, నడుముకున్న తాళాల గుత్తి విప్పి చేతిలో పెట్టింది.

“మధుబాబు అడిగితే, మా అత్తయ్య ఇక్కడ పని మానేసిందండి అని చెప్పు. అబద్ధం కాదు. నీ ఆల్బంలు నీకొస్తాయి.”

“అత్తయ్యా, అదేం మాట,” అన్నాడు పవన్. “ఎక్కడికెళ్తావు?”

“ప్రస్తుతానికి కాట్రేనికోన. బస్సుంది.”

ఎందుకని అతను అడగలేదు. ఆవిడ చేతిలో పాత బటరు కాగితం కవరుంది. దాని లోపల నూకరాజు నెగటివ్ ఉందని, దాని మీద పెన్సిలు గీత ఒక్కటి కూడా లేదని అతనికి తెలియదు. ఆవిడ ఫోనులో అప్పటికే మెసేజీలు వరస కట్టాయి. రాజోలు, అంబాజీపేట, దుబాయి. అందరిదీ ఒకటే ప్రశ్న, వచ్చే శుక్రవారం ఎక్కడండీ అని. ఆవిడ నడుస్తూనే ఒక్కొక్కరికీ జవాబు కొట్టింది. ‘చెప్తాను. ఈలోపు తియ్యడం మానకండి.’ స్తంభం దగ్గర బస్సు ఆగి ఉంది. కిటికీ పక్కన సీటు దొరికింది. వంగిన మెడ అద్దానికి ఆనింది. బస్సు కదిలింది.

మర్నాడు పొద్దున్న పవన్ దుకాణానికి వచ్చేసరికి షట్టరు ముందు ఇరవై మంది ఉన్నారు. కొందరు చదువుతున్నారు, కొందరు ఫోటోలు తీసుకుంటున్నారు. షట్టరు ఎత్తితే అన్నీ నలిగిపోతాయి. తాళంచెవి చేత్తో పట్టుకుని పక్క సందులోంచి వెళ్ళి వెనక తలుపు తీశాడు.

టచింగ్ బల్ల మీద కాగితం కట్టలు లేవు. గాజుపలక తుడిచి ఉంది. కింది అద్దంలోంచి కిటికీ వెలుతురు పైకి వస్తోంది. ఆ వెలుతురు మీద మూత తీసిన ఫిల్ము డబ్బా ఒకటి ఉంది, పక్కనే ఎండి పసుపెక్కిన దూది ఉండ, దాని మధ్యన మిరియపు గింజంత నల్లటి మచ్చ.